మోకాళ్ళ పొదుపు

హంసినికి పన్నెండేళ్ళు నిండాయి. అయితే అది ఇంటి లెక్క. బయటికి వెళితే ఆ పిల్ల వయసు వాళ్ళ నాన్న ప్రభాకరం ఇష్టాన్నిబట్టి ఉండేది. రైల్లో నాలుగున్నర, ఎగ్జిబిషన్లో నాలుగు, సర్కసులో అయితే ఒళ్ళో కూర్చునే పసిబిడ్డ. ఇందుకోసం పిల్లకి అక్షరాలు రాకముందే ఆయన ఒక విద్య నేర్పాడు. టికెట్టు కొట్టే మనిషి కనపడగానే నాన్న గొంతు సవరించుకుంటాడు. ఆ చప్పుడు వినపడగానే పిల్ల మోకాళ్ళు వంచాలి. మరీ కూలబడకూడదు, నాలుగు వేళ్ళ ఎత్తు దిగితే చాలు. పొడుగు లంగా ఉంటే ఆ వంపు బయటికి కనపడదు. అందుకే ఆ పిల్లకి ఫ్రాకులు తక్కువ, లంగాలు ఎక్కువ.

ప్రభాకరం చెడ్డవాడేం కాదండీ. ఒట్టు. మునిసిపల్ ఆఫీసులో జనన మరణాల విభాగంలో సీనియర్ అసిస్టెంటు. ఇరవై రెండేళ్ళుగా అదే కుర్చీ, అదే మాట: "రికార్డులో ఉన్నదే ఉన్నట్టండీ. మిగతాదంతా మీ నోటిమాట." ఒకసారి ఒక తల్లి బిడ్డను చంకనేసుకొచ్చి పుట్టినతేదీ కాగితం ఇప్పించమంది. ఆయన రిజిస్టరంతా తిరగేసి, "మీవాడింకా పుట్టలేదమ్మా, వచ్చే వారం వచ్చి కనుక్కోండి" అని చెప్పాడు. ఆయన అలా చెబుతున్నంతసేపూ చంకలో బిడ్డ ఆయన పెన్ను నములుతూనే ఉన్నాడు.

వాళ్ళ ఊరికి రెండు గంటల దూరంలో, హైవే పక్కన విహంగపురి అని ఒక వినోదాల పార్కు వెలిసింది. దాని నడిబొడ్డున గండభేరుండం అనే రోలర్ కోస్టరు. నూట నలభై సెంటీమీటర్ల ఎత్తున్నవాళ్ళనే అది ఎక్కనిస్తారు. రెండేళ్ళ కిందట బడివాళ్ళతో వెళ్ళినప్పుడు హంసిని నూట ముప్పై ఒకటి. స్నేహితురాళ్ళంతా ఎక్కి కేకలు పెడుతుంటే తను కింద నిలబడి ఎనిమిది జతల చెప్పులూ నీళ్ళ సీసాలూ కాపలా కాసింది. ఇంటికొచ్చి టేపుతో కొలిచి వంటింటి తలుపు మీద నూట నలభై దగ్గర పెన్సిలు గీత గీసింది.

"నువ్వా గీత దాటిన రోజున నేనే తీసుకెళ్తా" అని ప్రభాకరం మాటిచ్చాడు. ధైర్యంగానే ఇచ్చాడు. వాళ్ళ వంశంలో ఎవరూ అంత తొందరపడి పెరిగిన దాఖలాలు లేవు మరి.

పిల్ల పట్టు పట్టింది. రాగిజావ తాగింది, మునగాకు తింది, మేడమెట్ల కింద కడ్డీకి పొద్దునా సాయంత్రం గబ్బిలంలా వేలాడింది. ఈ వేసవి సెలవుల్లో ఒకరోజు తల్లి వసుంధర కొలిచి చూస్తే నూట నలభై మూడు. మాట తప్పడానికి దారి లేక ప్రభాకరం క్యాలెండరు కాగితం చించి వెనకవైపు పొదుపు ప్రణాళిక రాశాడు. పెద్ద టికెట్టు పద్నాలుగొందలు. నూట నలభై లోపు పిల్లలకి పదకొండొందలు. అరవై దాటినవాళ్ళకి వెయ్యిన్నూట యాభై. బయటి తిండి నిషేధం.

"అంటే పిల్ల గేటు దగ్గర నూట ముప్పై తొమ్మిది. మీ అమ్మకి అరవై రెండు. పులిహోర మీ అమ్మ సంచిలో అడుగున" అన్నాడు.

"మూడొందల కోసం పిల్లని పొట్టి చేస్తారా? రెండేళ్ళు వేలాడి పెరిగిందండీ అది!" అంది వసుంధర.

"గేటు దగ్గర ఒక్క నిమిషమేనే. లోపలికెళ్ళాక దానిష్టం, తాటిచెట్టంత పెరగనీ."

అత్తగారు అనసూయమ్మ మాత్రం ససేమిరా అంది. "నాకు యాభై ఎనిమిదింకా నిండలా. టికెట్టు డబ్బులు నేనే ఇచ్చుకుంటా, నా వయసు జోలికి రావద్దని చెప్పు మీ ఆయనకి." చివరికి కూతురు మొహం చూసి ఒప్పుకుంది గానీ, దారిపొడుగునా అల్లుడితో మాట్లాడలేదు.

గేటు దగ్గర ప్రభాకరం గొంతు సవరించుకున్నాడు. హంసిని మోకాళ్ళు వంగాయి. గేటు కుర్రాడు కొలకర్ర ఆనించి, నూట ముప్పై తొమ్మిది అని కంప్యూటర్లో కొట్టి, పిల్ల చేతికి నీలం పట్టీ కట్టాడు. తర్వాత అనసూయమ్మ వంతు.

"ఆవిడకి అరవై రెండు. ఆధారు ఇంట్లో మర్చిపోయాం" అన్నాడు ప్రభాకరం.

"ఆధారెందుకు సార్, చూస్తుంటే తెలుస్తోందిగా" అని ఆ కుర్రాడు పసుపుపచ్చ పట్టీ కట్టి, వెనక్కి తిరిగి, "వయోవృద్ధులు ఒకరు, బండి తీసుకురండి!" అని కేకేశాడు.

చక్రాల కుర్చీ వచ్చింది. పసుపు పట్టీ ఉన్నవాళ్ళు పార్కులో నడవకూడదట, అది భద్రతా నియమావళి. "రోజూ మూడు కిలోమీటర్లు నడుస్తాన్రా నాయనా నేను!" అని అనసూయమ్మ మొత్తుకుంటుంటే, "అందరూ అదే అంటారమ్మా" అని బుజ్జగిస్తూ ఇద్దరు కలిసి ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి బెల్టు బిగించారు. పులిహోర సంచి ఆవిడ ఒళ్ళోనే ఉండిపోయింది. ప్రభాకరం మనసులో లెక్క వేసుకున్నాడు. మొత్తం ఐదొందల యాభై మిగులు. అదే గేట్లో తన ఆఫీసు సూపరింటెండెంటు రాఘవులు గారు భార్యా కొడుకుతో లోపలికి వస్తూ కనపడితే నమస్కారం కూడా పెట్టాడు.

లోపల హంసిని ఇంక ఆగలేదు. లంగా కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఒకటే పరుగు. గండభేరుండం దగ్గర వరసలో గంటన్నర నిలబడి తన వంతు రాగానే కొలకర్ర కింద నిటారుగా నిలబడింది. తల గీత దాటి మూడు సెంటీమీటర్లు పైకి ఉంది. అక్కడున్న ఆపరేటరు ఆ తల వంక చూడనైనా చూడలేదు. చేతి పట్టీని మిషను మీద పెట్టాడు. మిషను కీచుమంది.

"నూట ముప్పై తొమ్మిది. పక్కకి రామ్మా."

"కర్ర దగ్గర చూడండి అంకుల్, నూట నలభై మూడున్నా."

"ఈ కర్ర ఊరికే సూచన కోసమమ్మా. కొలతంటే గేటు దగ్గరిదే కొలత. ఏదన్నా ఉంటే ఎత్తుల ఆఫీసులో మాట్లాడుకోండి. సాయంత్రం ఐదున్నరకి రైడు ఆపేస్తాం."

ఎత్తుల ఆఫీసంటే నిజంగానే ఉంది. చక్రాల కుర్చీతో సహా ఇంటిల్లిపాదీ అక్కడికి వెళ్ళారు. తలుపు మీద "ఎత్తుల నిర్ధారణ మరియు అనుబంధ వ్యవహారాల విభాగం" అని బోర్డు. లోపల చల్లని గదిలో మేనేజరు త్రివిక్రమరావు. పేరుకు త్రివిక్రముడే గానీ మనిషి వామనుడు. కుర్చీ మీద రెండు దిళ్ళు వేసుకుని కూర్చున్నాడు. ఆయన కంప్యూటరు చూసి, హంసినిని చూసి, మళ్ళీ కంప్యూటరే చూశాడు.

"ఉదయం తొమ్మిది నలభై రెండుకి సదరు బాలిక నూట ముప్పై తొమ్మిది. ప్రస్తుతం తమరు నూట నలభై మూడంటున్నారు. అంటే రెండు గంటల్లో నాలుగు సెంటీమీటర్లు. పార్కు ఆవరణలో పెరగడానికి ముందస్తు అనుమతి తీసుకున్నారా?"

"పెరగడానికి అనుమతేంటండీ!" అన్నాడు ప్రభాకరం.

"మా టికెట్టు మీద పెరుగుదల కదండీ ఇది. పిల్లల టికెట్టుతో వచ్చి, మా నీళ్ళు తాగి, మా గాలి పీల్చి పెద్దదైపోయింది. రేపు అందరూ ఇలాగే లోపలికొచ్చి పెరగడం మొదలెడితే సంస్థ ఏం కావాలి?" అంటూ ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. "ఇది ఫారం పద్నాలుగు. అంతర్గత పెరుగుదల క్రమబద్ధీకరణ దరఖాస్తు. కారణం రాయండి. వేసవిలో రైలు పట్టాలు సాగుతాయి, పిల్లలు సాగరని మేం అనట్లేదు. కానీ మా సర్క్యులర్ ప్రకారం రోజుకి అర సెంటీమీటరుకి మించి సాగకూడదు."

"మరి మాది నాలుగు కదండీ."

"అందుకే రోజుకి అర చొప్పున ఎనిమిది రోజులు రండి. రోజూ టికెట్టు తీసుకోండి, రోజూ అర సెంటీమీటరు నమోదు చేయించుకోండి. మూడో రోజుకే పిల్ల నూట నలభై దాటుతుంది. అక్కణ్ణించి పెద్దవాళ్ళ టికెట్టు."

ప్రభాకరానికి ఒళ్ళు మండిపోయింది. "పిల్ల మీ ఎదురుగా నిలబడి ఉంది కదండీ! కళ్ళతో చూడండి! ఆ గోడ దగ్గర నిలబెట్టి కొలవండి!"

"చూశానండీ. చూడటం వేరు." త్రివిక్రమరావు కళ్ళజోడు సర్దుకుని, ఎంతో మర్యాదగా అన్నాడు. "రికార్డులో ఉన్నదే ఉన్నట్టండీ. మిగతాదంతా మీ నోటిమాట."

గోడ వైపు చూపిస్తున్న చెయ్యి ప్రభాకరం దించేశాడు. అది తన మాట. ఇరవై రెండేళ్ళు అరగదీసి నున్నగా చేసుకున్న సొంత మాట. ఎదుటి మనిషి నోట్లోంచి వింటుంటే అది ఎంత దుర్మార్గంగా ఉందో ఆయనకి మొదటిసారి తెలిసింది. చంకలో కూర్చుని పెన్ను నమిలిన ఆ పిల్లాడు గుర్తొచ్చాడు. వాడు ఇప్పటికైనా పుట్టాడో లేదో!

సరిగ్గా అప్పుడే త్రివిక్రమరావు ముక్కు ఎగరేశాడు. "ఈ వాసనేంటి? ఇంగువ?"

గదిలో అందరూ చక్రాల కుర్చీ వైపు చూశారు. అనసూయమ్మ సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"బయటి ఆహారం! నిషిద్ధ పదార్థం!" ఆయన దిళ్ళ మీంచి దిగొచ్చి డబ్బా మూత తీశాడు. వేరుశనగ గుళ్ళు, ఎండుమిరపకాయలు, కరివేపాకు నిగనిగలాడుతున్నాయి. "బయటిదా, మా క్యాంటీనుదా అన్న సంగతి శాస్త్రీయంగా తేల్చాలి" అని సొరుగులోంచి చెంచా తీశాడు. ఒక చెంచాతో తేలలేదు. నాలుగుతోనూ తేలలేదు. సగం డబ్బా ఖాళీ అయ్యాక, "నిస్సందేహంగా బయటిదే. మా క్యాంటీనువాళ్ళకి జన్మలో ఇలా కుదరదు" అని తీర్పు చెప్పి మూతి తుడుచుకున్నాడు. అనసూయమ్మ మొహం పొద్దుటి నుంచీ మొదటిసారి విచ్చుకుంది.

"చెయ్యి తిరిగిన మనిషి వండినట్టుంది కాబట్టి చెబుతున్నా. ఇంకో దారుంది" అని మేనేజరు గొంతు తగ్గించాడు. "ఫారం పదిహేను. స్వచ్ఛంద వంపు ఒప్పుకోలు పత్రం. ఫలానా నేను, ఫలానా సమయంలో, ఇంత సొమ్ము ఆదా చేసే ఉద్దేశంతో, నా సంతానం చేత మోకాళ్ళు వంచించాను అని రాసి సంతకం పెట్టాలి. తేడా మూడొందలు, అపరాధ రుసుము ఆరొందలు. తర్వాత దాన్ని పార్కు మైకులో చదువుతాం."

"మైకులోనా?"

"పారదర్శకత కోసమండీ. పేరు, హోదా, పనిచేసే ఆఫీసుతో సహా."

"అయితే నా నాలుగేళ్ళు కూడా అందులో రాయించి నాకు తిరిగిప్పించండి" అంది అనసూయమ్మ, బెల్టు లాగుతూ.

"మాది ఎత్తుల శాఖమ్మా. వయసు తగ్గింపు మా పరిధిలోకి రాదు."

ప్రభాకరం కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పార్కులో ఎక్కడో రాఘవులు గారున్నారు. ఇది ఆయన చెవిన పడిందంటే సోమవారం పొద్దున ఆఫీసులో అటెండరు దగ్గర్నుంచి కమిషనరు దాకా అందరికీ అదే ఫలహారం. సర్వీసులో ఆయన ఎన్నో సంతకాలు పెట్టాడు గానీ, తప్పు నాదే అన్న కాగితం మీద ఒక్కటీ లేదు. మూడు గంటలైంది. మూడున్నరైంది.

"పోన్లే నాన్నా, పోదాం పదండి" అంది హంసిని నెమ్మదిగా. "ఇంకెవరన్నా ఎక్కుతుంటే వాళ్ళ చెప్పులు చూసుకుంటూ కూర్చుంటా. నాకలవాటే."

ఆ మాట ఎగతాళికి అన్నా బాగుండేది. పిల్ల నిజంగానే అంది. ప్రభాకరం పెన్ను తీసుకుని, ఒక్క పదం కొట్టేయకుండా మొత్తం రాసి, పొట్టి సంతకం కాకుండా పొడుగు సంతకం పెట్టాడు.

కాసేపటికి పార్కంతా పాటలు ఆగిపోయి మైకు గురగురలాడింది. "సందర్శకులకు మనవి! మునిసిపల్ జనన మరణాల విభాగంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేయుచున్న శ్రీ ప్రభాకరం గారు, మూడు వందల రూపాయలు ఆదా చేయు ఉద్దేశముతో, తమ ఏకైక కుమార్తె చేత నేటి ఉదయం మోకాళ్ళు వంచించినట్లు ఇందుమూలముగా ఒప్పుకొనియున్నారు!"

ప్రభాకరం భూమిలోకి కుంగిపోయాడు. అయితే పార్కులో ఎవరూ నవ్వలేదు. ఐస్‌క్రీమ్ బండి దగ్గర ఒక పొట్టి పిల్లాడు వాళ్ళ నాన్న వంక చూసి, మెల్లగా నిటారుగా నిలబడి, జానెడు పొడుగయ్యాడు. నీళ్ళ కొలను పక్కన అక్కాచెల్లెళ్ళిద్దరు పొడుగయ్యారు. ఉయ్యాల దగ్గర "చిన్నపిల్ల" అని ఎత్తుకు తిరుగుతున్న ఒకమ్మాయి కిందికి దిగితే వాళ్ళమ్మ భుజం దాటి ఉంది. పావుగంటలో ఎత్తుల ఆఫీసు ముందు తండ్రుల వరస తయారైంది. అందరికంటే ముందు నిలబడ్డది రాఘవులు గారు, పక్కన నూనూగు మీసాల కొడుకు. ఆయన ప్రభాకరాన్ని చూసి, చూడనట్టు ఆకాశంలోకి చూశాడు.

"ఫారం పదిహేనులు అయిపోయాయి, జిరాక్సు తీయించండి!" అని లోపల్నుంచి త్రివిక్రమరావు కేక. ఆ గొంతులో పండగ సంబరం.

ఉత్తర్వు చేతికొచ్చేసరికి ఐదూ పది. ముగ్గురూ పరుగెత్తారు. అనసూయమ్మ కుర్చీని వసుంధర తోస్తుంటే, "ఇంకా గట్టిగా తొయ్యవే!" అని ఆవిడే హుషారు చేసింది. గండభేరుండం దగ్గర ఆపరేటరు ఉత్తర్వు రెండుసార్లు చదివాడు.

"బాగానే ఉంది సార్. కాకపోతే అడుగున 'ఎత్తు సరిచూసుకుని పంపవలెను' అని రాశారు. పాపా, ఆ కర్ర కింద నిలబడు."

పొద్దున ఊరికే సూచన కోసం ఉన్న కర్ర ఇప్పుడు కొలతైంది. హంసిని వెళ్ళి నిలబడింది. ఆ పిల్ల మొహంలో వెలుగు చూసి ప్రభాకరానికి ఏదో చెప్పాలనిపించింది. పన్నెండేళ్ళలో ఎన్నడూ చెప్పని మాట. నిటారుగా నిలబడు తల్లీ అని చెప్పాలి. గొంతుకి ఏదో అడ్డం పడింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

పిల్ల మోకాళ్ళు వంగాయి.

"నూట ముప్పై తొమ్మిది" అన్నాడు ఆపరేటరు.

"అదేంటే! నిలబడు! సరిగ్గా నిలబడు!" అంది వసుంధర.

"నేనేం చెయ్యలేదమ్మా! వాటంతటవే వంగిపోయాయి!" హంసిని తన కాళ్ళ వంక తనే బిత్తరపోయి చూసుకుంది. మళ్ళీ నిలబడింది. ప్రభాకరం ఊపిరి బిగబట్టాడు. కానీ కళ్ళలో నీళ్ళు తిరిగే మనిషికి గొంతు ఊరుకుంటుందా? ఎంత ఆపుకున్నా ఖళ్ళుమంది. మోకాళ్ళు మళ్ళీ దిగాయి. గడియారం ఐదూ ఇరవై ఐదు దాటింది. ఆఖరి బండి జనంతో నిండుతోంది.

"దానికి పన్నెండేళ్ళు!" ఉన్నట్టుండి ప్రభాకరం వరసలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా అరిచాడు. "పన్నెండు నిండి మూడు నెలలు! నూట నలభై మూడు సెంటీమీటర్లు! నాలుగున్నరా కాదు, నాలుగూ కాదు! నా కూతురు పెద్దపిల్లండీ!"

అరిచాక ఆయాసం వచ్చింది. ఆయాసం వెనకే గొంతులో మళ్ళీ గరగర మొదలైంది. హంసిని గాభరాగా రెండు చేతులూ ఊపింది.

"నాన్నా, నువ్వు కాసేపు అవతలికి వెళ్ళు నాన్నా. నువ్వుంటే నేను పెరగలేను."

ప్రభాకరం రుమాలు నోట్లో కుక్కుకుని, గబగబా ఇరవై అడుగులు నడిచి, క్యాంటీను గోడకేసి తిరిగి నిలబడ్డాడు. ఎదురుగా ధరల బోర్డు. నీళ్ళ సీసా అరవై, సమోసా ఎనభై. ఆయన ఆ అంకెల్ని చూస్తున్నాడు గానీ ఒక్కటీ కూడటం లేదు.

వెనక గొలుసు తీసిన చప్పుడైంది. చెప్పులు పక్కన విసిరేసినట్టు టపటపమని రెండు చప్పుళ్ళు. సీటు మీదికి ఇనప కడ్డీ దిగి బిగుసుకున్న చప్పుడు.

రుమాలు తీయకుండానే, "ఎక్కిందా?" అని అడిగాడు.

"ఎక్కింది" అంది వెనక నుంచి వసుంధర. "బండి కదిలేదాకా మీరు మాత్రం ఇటు తిరక్కండి."